బుగ్గలను నమ్మినవాడి కర్నూలు ప్రయాణం

మా ఐదేళ్ళ ఈశ్వరి బుగ్గలను రెవెన్యూ ఇన్‌స్పెక్టరు మెచ్చుకోవడంతో ఈ ప్రయాణం పదిహేను రోజులు ఆలస్యమైంది. కరువు కాలం. మైదుకూరు దగ్గర మా ఊరి గంజి కేంద్రాన్ని బడిపంతులునైన నాకే అప్పగించారు. తనిఖీకి వచ్చిన ఆయన పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, కేంద్రం చక్కగా నడుస్తున్నదనడానికి ఈ బిడ్డే సాక్ష్యమని పుస్తకంలో రాశాడు. ఆ వాక్యాన్ని ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చదివి వినిపించాను. పాప మూత్రం కాఫీ రంగులో వచ్చిన నాడు గాని నాకు బుద్ధి రాలేదు.

మే నెల, బడికి సెలవులు. చంటివాడితో మా ఆవిడ ఇంట్లోనే ఉండిపోయింది. ఉదయం ఆరింటికి మైదుకూరులో పాపా నేనూ నంద్యాల బస్సెక్కాం. ఆళ్ళగడ్డ దాటాక పక్క సీటు రైతు పాపను తేరిపార చూశాడు.

"బిడ్డ దండిగా ఉండాది. ఏం పెడ్తాండావప్పా?"

"అది ఒంట్లో నీరు. మూత్రపిండాల జబ్బేమోనని కర్నూలు ఆస్పత్రికి పోతాండాం."

"ఈ బుగ్గలకు జబ్బేంది? నూరేండ్లు బతుకుతాది."

వెనక సీటులో ఒకాయన, ఒకప్పుడు కాంపౌండరట, ముందుకు వంగాడు. "ఉబ్బు మొగానికెక్కితే వారమేనప్పా" అన్నాడు, పాప వింటుండగానే. నూరేళ్ళాయనా వారమాయనా నంద్యాల దాకా వాదించుకున్నారు. ఒక్కరూ పట్టు సడలించలేదు.

పదిన్నరకు నంద్యాలలో దిగి, ఇడ్లీలు తిని, బస్సు మారాం. ఓర్వకల్లు గుట్టల దగ్గర ఇంజను వేడెక్కి అరగంట ఆగింది. ఆ అరగంటలో పాపకు మరో మూడు ఆయుర్దాయాలు పలికాయి. కర్నూలు చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. సర్కారు కచేరీలన్నీ గుడారాల్లో నడుస్తున్నాయి. ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయ్యాక ఇక్కడ గది దొరకడం కన్నా మంత్రి పదవి దొరకడం తేలిక. చివరికి ఒక సత్రం వసారాలో రోజుకు నాలుగణాలకు మూల దొరికింది.

ఆస్పత్రిలో డాక్టరు కుర్రవాడే. పాప మోకాలి కింద ఎముక మీద వేలితో నొక్కి చూసి, ఈ మధ్య గజ్జి పుండ్లు లేచాయా అని అడిగాడు. పోయిన నెల లేచాయన్నాను. మూత్రపిండాల వాపు ఒక్కోసారి వాటి వెనకే వస్తుందట. రక్తం తీసి పరీక్షకు మద్రాసు పంపాడు.

"బతుకుతుందా?" అన్నాను.

"ఇప్పుడే చెప్పలేను."

నాకు ఒళ్ళు మండింది. "బస్సులో ఐదుగురు చెప్పారండీ, అడక్కుండానే."

ఆయన నవ్వలేదు. రోగంతో పోరాడే పదార్థమొకటి రక్తంలో ఉంటుందట. పోరులో అది ఖర్చయి తగ్గుతుందట. "ఆరు వారాల్లో మళ్ళీ పెరిగితే మూత్రపిండాలు కోలుకుంటున్నాయని అనుకోవచ్చు. పెరగకపోతే కష్టం. అందుకే రెండోసారీ చూడాలి" అన్నాడు.

మద్రాసు నుంచి మొదటి జాబు వచ్చింది. ఆ పదార్థం బాగా తగ్గి ఉంది.

ఆరు వారాలు ఉప్పులేని అన్నం తిన్నాం. పాపకు తోడుగా నేనూ ఉప్పు మానేశాను. రోజుకు కొంచెంగా నీరు దిగిపోయి, బుగ్గలు పోయి, అడుగున అసలు మొహం బయటపడింది. దాన్ని చూసి ఒకరోజు వసారాలో కూర్చుని ఏడ్చాను. నా బిడ్డ మునిగిపోతుంటే ఒడ్డున నిలబడి మురిసిపోయాను.

రెండో జాబు వచ్చిన రోజు డాక్టరు దాన్ని రెండుసార్లు చదివాడు. "పెరిగింది. ఇంటికి పోవచ్చు. కాని నెలనెలా మూత్రం చూపించండి."

"ఇక భయం లేదా?"

"లేదనే అనుకోవచ్చు."

నూరేళ్ళకన్నా ఆ 'అనుకోవచ్చు' అన్న మాటే నాకు ఎక్కువ ధైర్యమిచ్చింది.

మర్నాడు ఏడింటి బస్సుకు బయలుదేరాం. ఈ దారిన పిల్లలతో వచ్చేవారికి నేను చెప్పగలిగేది ఇంతే: సత్రం దొరక్కపోయినా కంగారుపడకండి, కరువులో బిడ్డ ఒళ్ళు చేస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకండి.

పాణ్యంలో ఎక్కిన ఒక పెద్దామె పాపను ఒళ్ళోకి తీసుకుని మణికట్టు పట్టి చూసింది.

"అన్నీ ఎముకలే ఉండాయి. ఆస్పత్రికి సూపీకుండా యాడికి తీస్కపోతాండావప్పా?"

"ఆస్పత్రి నుంచే వస్తాండాం. బాగైంది."

ఆమె నమ్మలేదు. పాప ఆమె ఒళ్ళోనే నిద్రపోయింది. నీరు దిగిన ఆ సన్నని చేతిని నిమురుతూ ఆమె కళ్ళు తుడుచుకుంటుంటే, పక్కన కూర్చున్న నాకు చాన్నాళ్ళకు కడుపు నిండినట్టయింది.