పసుపు మరక

మొన్న అమ్మకి రక్తపరీక్ష చేయడానికి ల్యాబు అమ్మాయి ఇంటికొచ్చి దూదిని స్పిరిట్‌లో ముంచగానే, ఆ వాసనకి నా చెయ్యి తనంతట తానే మెడ కింద మచ్చ మీదకి పోయింది. అమ్మ ఆ పిల్లని ఎగాదిగా చూసి, "చేతులు కడుక్కున్నావా?" అంది. అమ్మ మారలేదు.

మండపేటలో మాది కిరాణా కొట్టు. ఎనభైల్లో, నాకు ఎనిమిదేళ్లప్పుడు రక్తపు జబ్బు చేస్తే, సూదులు పొడిచి పొడిచి చేతుల్లో నరాలు దొరక్క, మద్రాసు డాక్టర్లు గుండె దగ్గరి పెద్ద నరంలోకి సన్నటి గొట్టం వేసి, కొస బయటికి ఉంచి, నెలల తరబడి అలాగే ఉండాలని ఇంటికి పంపారు. గొట్టంలోకి క్రిమి చేరితే పిల్ల దక్కదని నర్సు చెప్పిందట. ఇంకేముంది, అమ్మకి లోకమంతా శత్రువే.

రోజూ పొద్దున్నే తలుపులు బిగించి, ఫ్యాను ఆపి, మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకుని, గొట్టం మూత స్పిరిట్‌తో తుడిచి, లోపల రక్తం గడ్డకట్టకుండా మందు ఎక్కించేది. ఈగలనీ, మిల్లుల నుంచి ఎగిరొచ్చే ఊకనీ, పలకరించడానికొచ్చినవాళ్ల చేతుల్నీ అనుమానించేది. అందరికంటే ఎక్కువగా మామ్మని, అంటే నాన్న తల్లిని. కత్తిపీటకి వేలు తెగినా, దూడకి గిట్ట చీలినా పసుపు అద్దకుండా ఉండలేని మనిషి మామ్మ.

"పిసరంత పసుపద్దితే మానిపోద్ది కదమ్మాయ్."

"మీరు దాని దగ్గరికి రాకండి అత్తయ్యగారూ."

ఆ వేసవిలో, నేను ముట్టుకోకూడదన్న మామిడిపళ్ల బుట్టలోంచి ఒక రసం పండు దొంగిలించి, పెరట్లో నీళ్ల గాబు చాటున కూర్చుని, లొట్టలేసుకుంటూ జుర్రాను. అబ్బ, ఏం తీపి! గడ్డం మీంచి కారి గొట్టం చుట్టూ వేసిన కట్టంతా పచ్చబడింది. హడలిపోయి గాబు నీళ్లతో కడిగితే మరక పోలేదు, కట్టు మాత్రం లోపలిదాకా తడిసింది. టెంకని గాబు వెనక దాచేశాను.

మర్నాడు అమ్మ గౌను బొత్తాలు విప్పి, మరక చూసి కెవ్వుమంది. కట్టు మార్చి మందు ఎక్కించిన కాసేపటికే నాకు పళ్లు టకటకలాడేంత చలి, ఒళ్లు కాలిపోయే జ్వరం.

"పసుపు అద్దేశారా అత్తయ్యగారూ? నా పిల్లని చంపుకుంటారా?"

"నేను ముట్టుకోలేదమ్మాయ్," అని మామ్మ నావైపు చూసింది. నేను తల దించుకున్నాను. ఆవిడ చీపురు తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయింది.

మద్రాసులో ఆ గొట్టం తీసేసి, జ్వరం తగ్గాక రెండోపక్క కొత్తది వేశారు. బతికాను. ఇంటికి రాగానే గాబు వెనక వెతికాను. టెంక లేదు. రోజూ అక్కడ ఊడ్చేది మామ్మే. ఆ తర్వాత ఆవిడ నా మంచం దగ్గరికి రాలేదు, గడప అవతల కూర్చుని నన్ను చూసేది.

ఇప్పుడు గాబు లేదు, కొట్టు లేదు, మామ్మ పోయి ఎన్నేళ్లో. ల్యాబు అమ్మాయి వెళ్లాక అమ్మ నా మచ్చకేసి చూసి, "ఆవిడ పసుపు పిచ్చికి పోవాల్సినదానివే," అంది, నలభై ఏళ్లుగా అంటున్నట్టే. మామ్మకి అంతా తెలుసని నా అనుమానం.

"కాఫీ పెట్టనా అమ్మా?" అన్నాను.