దీవి మాటలో ప్రార్థన

వైటూకే కంప్యూటర్ పనికి మెల్‌బోర్న్ వచ్చిన రోజుల్లో, ఆ ఊరి శివారు క్రాన్‌బర్న్‌లో మా పక్కింటి ముసలావిడ మంచం పట్టింది. ఆవిడది స్పెయిన్‌లోని మల్లోర్కా దీవి. పోయేలోగా తన కాటలాన్ భాషలో ఒక్క ప్రార్థన వినాలని అడిగింది. రోగుల్ని దర్శించడం మా చర్చి సంఘం వాడుక. మా ఆఫీసులో కాటలాన్ మాట్లాడే బార్సిలోనా ఇంజనీరును వెంటబెట్టుకు వెళ్లాను. అతను ప్రార్థించాడు.

"బాగుంది బాబూ. కానీ ఇది పట్నం మాట. మా అమ్మ ఇలా అనేది కాదు," అందావిడ ఇంగ్లీషులో.

"ఆ దీవి యాస నాకు రాదండీ," అన్నాడతను.

పరిశుద్ధాత్మ దిగిన పెంతెకొస్తు దినాన శిష్యుల మాటలు ఎవరి భాషలో వారికి వినిపించాయని సంఘంలో ఎన్నోసార్లు బోధించాను. ఆ మంచం పక్కన మోకరించి ఆ కృపే అడిగాను. గదిలో ఏమీ వినబడలేదు. ఆ వారంలోనే ఆవిడ పోయింది. సమాధి దగ్గర ప్రార్థన ఇంగ్లీషులో జరిగింది. అందరితోపాటు ఆమేన్ అన్నాను.