ముందు పగిలినవి

పోయినవి ముందు చెబుతాను. పది నెలల కాపురం. రెండు బంగారు గాజులు. సముద్రం పక్క ఊళ్ళో మా ఆయనకున్న హోటల్లో పావు వాటా. ఒక ఫ్రిజ్జు. విమానంలో రెండు ముక్కలైన కొబ్బరికోరు పీట. పాపకు అప్పటిదాకా వచ్చిన తెలుగు మాటలు, ఒకటి తప్ప అన్నీ. వీటిలో గాజులు మళ్ళీ చేయించుకున్నాను. మాటలు పాపే మళ్ళీ తెచ్చుకుంది, ఇప్పుడు కాస్త తగ్గించుకున్నా బాగుండు అనిపిస్తుంది. పీటకు వడ్రంగి రెండు మేకులు కొట్టి పది రూపాయలు కూడా తీసుకోలేదు. మిగిలినవి పోయినట్టే.

ఏ లెక్కయినా ఇలా మొదలుపెట్టడం నాకు మార్కాపురం పలకల కార్ఖానాలో అలవాటైంది. ఏడో తరగతితో బడి మానేసి అక్కడ గడ్డి వేసి పలకల పెట్టెలు సర్దే పనిలో చేరాను. మొదటి రోజు మంచి పలకలు ఎత్తి లెక్కపెడుతుంటే మేస్త్రీ ఆపాడు.

"మంచియి ముందు లెక్కబెడ్తే మనసు చల్లబడ్తది. అడుగునున్న పగిల్నియి గడ్డిలోనే ఉండిపోతయి. ముందు పగిల్నియి తియ్యమ్మాయ్."

ఆ ఒక్క మాట పట్టుకుని మిగతా లెక్కలు నేనే నేర్చుకున్నాను. ఆ లెక్కలే నన్ను మస్కట్‌లో ఒక స్కూలు వంటశాలకు, స్టోరు చూసుకునే పనికి తీసుకెళ్ళాయి. అక్కడ వంటవాడు శ్రీలంక మనిషి. నేనిచ్చిన దానికంటే రోజూ ఒక కొబ్బరికాయ ఎక్కువ వాడేవాడు. రోజూ అడిగేదాన్ని. అడిగి అడిగి ఆఖరికి పెళ్ళి చేసుకున్నాను. పెళ్ళి రిజిస్టరు చేయించుకుని ఆయన ఊరికి వెళ్ళాం. పాప అక్కడే పుట్టింది. అందుకే పాపకూ ఆయన దేశపు పాస్‌పోర్టే. అక్కడున్నన్నాళ్ళూ ఆయన హిందీతోనే నెట్టుకొచ్చాను, సింహళం నాకు పట్టుబడలేదు.

పాపకు మూడేళ్ళు నిండేసరికి ఆయన హోటలుకు మనుషులు రావడం మానేశారు. అదే సమయంలో కార్ఖానా నుంచి ఫోను వచ్చింది. మేస్త్రీ పని మానుకున్నాడట, పెట్టెల లెక్కకు నన్ను రమ్మన్నారు. చూసిపోదామని ముగ్గురం వచ్చాం, వాళ్ళిద్దరూ రెండు నెలల విజిట్ వీసా మీద.

మా వీధి బాగా నిరాశపడింది. ఎదురింటి చిన్నమ్మ ఆయన చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"ఏంది మే, ఫారినల్లుడు వస్తాండాడంటే టోపీ పెట్టుకుని తెల్లంగా దిగుతాడనుకుంటిమి. ఈయప్ప అచ్చం మా అర్ధవీడు బావ మాదిరుండాడే!"

నేను మా వంటశాల హిందీలో చెబితే ఆయన నవ్వి, లుంగీ ఎగ్గట్టి, ట్యాంకరు దగ్గర చిన్నమ్మ బిందె కూడా పట్టి తెచ్చాడు. దాంతో ఆమె దృష్టిలో ఇంకా మా పక్క అర్ధవీడు మనిషి అయిపోయాడు.

ఆ రెండు నెలల్లోనే ఇక్కడే ఉండిపోదామని ఇద్దరికీ అనిపించింది. కానీ ఉండాలంటే ఏ దారిన? గిద్దలూరులో వీసాల పని చూసే ఒకతన్ని అడిగాను.

"విజిట్ మీదనే ఉండనీక్కా. తేదీ దాటితే దాటింది. ఆయన్ను చూసి ఫారినరని ఎవరంటారు?"

ఇంటికి వచ్చి కార్ఖానాలో అంచు విరిగిన పలక ఒకటి ముందేసుకున్నాను. ఫోన్లో రూల్సు చదివి, అర్థం కానివి ఆఫీసులకు ఫోను చేసి అడిగి, ఒక్కో దారిలో పగిలేవి ఏవో రాసుకుంటూ పోయాను.

గిద్దలూరు దారిలో పగిలేది ఒక్కటే, కానీ అది పెట్టె మొత్తం. ఎవరో ఒకరు అడిగిన రోజు ఆయనతో పాటు పాప కూడా దేశం వదలాలి. దాన్ని ముందే కొట్టేశాను. రెండోది, భార్య ఇక్కడి మనిషి కాబట్టి ఇచ్చే ఎంట్రీ వీసా. తొందరగా వస్తుంది, ముగ్గురం కలిసే ఉంటాం. కానీ దాని మీద ఆయన ఉద్యోగం చేయకూడదు, గడువు అయినప్పుడల్లా మళ్ళీ అడుక్కోవాలి. చేతిలో పనిలేని వంటవాడు ఇంట్లో కూర్చుంటే ఏమవుతుందో నాకు తెలుసు, నా వంటకు వంకలు పెడతాడు. మూడోది ఓసీఐ కార్డు. పెళ్ళయి రెండేళ్ళు దాటింది కాబట్టి ఆయనకూ, నా బిడ్డ కాబట్టి పాపకూ అడగొచ్చు. ఓటు ఉండదు, పొలం కొనే వీలుండదు. కానీ వస్తే బతికున్నంత కాలం ఉండొచ్చు, పని చేసుకోవచ్చు. అయితే అది వచ్చేదాకా వాళ్ళిద్దరూ అక్కడ, జీతం కోసం నేను ఇక్కడ. ఎన్ని నెలలో ఎవరూ చెప్పలేదు. నాలుగోది పౌరసత్వం. దానికి ఏళ్ళు పడుతుంది, పైగా ఆయన పాస్‌పోర్టు వదులుకోవాలి.

ఒక్కొక్కటీ ఆయనకు చదివి వినిపించాను.

"పొలం కొనకూడదా?" అన్నాడు.

"కొనడానికి డబ్బులుంటే కదా ఆ బాధ!"

ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత ఆయన పలక తీసుకుని చాలాసేపు చూశాడు. తెలుగు చదవడం రాదు, అయినా చూశాడు.

"ఇందులో మా అమ్మ ఎక్కడుంది?"

ఎక్కడా లేదు. నేను ముగ్గురికే లెక్క వేశాను. ఆమెకు ఒక్కడే కొడుకు, ఒక్కతే మనవరాలు. ఏ దారిన వచ్చినా వాళ్ళిద్దరూ ఆమె ఇంట్లోంచి వచ్చేవాళ్ళే. వేలు తడిచేసుకుని ఒక మూల తుడిచి, ఏడాదికి ఒక ప్రయాణం ఆమె దగ్గరికి అని రాసి చదివాను.

"రాత సరే. మాటేనా?"

"మాటే."

మూడో దారి పట్టాం. తండ్రీకూతుళ్ళు తిరిగి వెళ్ళి అక్కడ దరఖాస్తు పెట్టారు. రోజూ ఫోన్లో చూసుకునేవాళ్ళం. మొదట్లో పాప "అన్నం తిన్నావా" అని అడిగేది. ఏడో నెలకు అదే మాట సింహళంలో అడిగితే ఆయన నాకు హిందీలో చెప్పేవాడు. అమ్మ అన్న మాట రెండు భాషల్లోనూ ఒకటే కాబట్టి అదొక్కటీ మిగిలింది.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి మా గడపలో కానిస్టేబులు ఉన్నాడు. కార్డు దరఖాస్తు మీద విచారణకు వచ్చాడు. ఎదురింటి చిన్నమ్మ పిలవకుండానే వచ్చి పక్కన నిలబడింది.

"ఈమె భర్త విదేశీయుడంట. మీరెరుగుదురా?"

"ఎవరు సార్ ఫారిను? ఆయప్ప అచ్చం మా అర్ధవీడోడే!"

కానిస్టేబులు కలం ఆగింది. ఇక్కడివాడని రాస్తే కార్డు రాదు.

"అంటే ఇక్కడోడేనంటావా?"

"చిన్నమ్మా, నీకు దండం పెడ్తా, తిన్నగా చెప్పు!" అన్నాను.

"చెప్తాండా గదా, ఆగు మే. మనిషి మనోడి మాదిరే సార్. తిండి మాత్రం మనోడిది కాదు. కందిపప్పులో కొబ్బరిపాలు పోసినాడు! మనోడైతే పోస్తాడా, నువ్వే చెప్పు."

"పోయడులేమ్మా."

"మళ్ల పెండ్లాం తింటాంటే ఉప్పు సరిపోయిందా లేదా అని మొకం చూసుకుంట నిలబడ్తాడు. అదిగూడ మనోళ్ళు చేసే పని గాదు."

కానిస్టేబులు గట్టిగా నవ్వి ఏదో రాసుకున్నాడు. ఏం రాశాడో నాకు తెలియదు. పదో నెలలో రెండు కార్డులూ వచ్చాయి.

అదంతా జరిగి ఐదేళ్ళు. ఆయన బస్టాండు దారిలో టిఫిన్ అంగడి పెట్టాడు. బియ్యప్పిండి అప్పాలు తొమ్మిదింటికల్లా అయిపోతాయి. ఓట్ల రోజున ఊరంతా వేలికి సిరా పూసుకుని వచ్చి తింటుంటే, శుభ్రమైన వేళ్ళతో వడ్డిస్తాడు. నాయన నా పేరున రాసిన ఎకరంలో కంది వేస్తాం. ఆ పప్పులో ఆయన కొబ్బరిపాలు పోసిన రోజు చిన్నమ్మ గిన్నె పంపిస్తుంది. నేను కార్ఖానాలో పెట్టెల లెక్క చూస్తున్నాను. పాప ఇక్కడి బడిలో ఎక్కాలు తప్పు చెప్పి నాతో వాదిస్తుంది. తక్కువ పగిలే దారినే ఎంచుకున్నానని ఇప్పటికీ అనుకుంటాను.

మా అత్తను ఇక్కడికి రమ్మంటే కోళ్ళను ఎవరు చూస్తారంటుంది. ఒక ఏడు కంది ఎండిపోయింది, ఒక ఏడు ఉన్నదంతా అంగడిలో పెట్టాం, పోయిన ఏడు బోరు పూడిపోయింది. ఐదు ప్రయాణాలకు రెండే వెళ్ళగలిగాం. ఆమెకు తెలుగు రాదు, నాకు సింహళం రాదు. అందుకని ఆదివారం ఫోన్లో కొడుకుతో మాటలు అయ్యాక నవ్వుతూ చెయ్యి పైకెత్తి బాకీ ఎన్నో నాకు వేళ్ళతో చూపిస్తుంది. నేను తలాడిస్తాను, లెక్క సరిగానే ఉందని.

మొన్న ఆదివారం కూడా మూడే.