ముగ్గు వేసిన ఓడ తలుపు

2006 వేసవి. ఖమ్మం చివర ఖానాపురం హవేలిలో, ట్రాక్టర్ ట్రాలీలు చేసే ఒక వర్క్‌షాపుకు నన్ను యుద్ధనౌక తలుపు చూసి రమ్మని పంపారు. సముద్రానికి అంత దూరంలో ఓడ తలుపేమిటని మీకు అనిపించవచ్చు, నాకూ అనిపించింది. షిప్‌యార్డు ఒక పెద్ద కంపెనీకి పని ఇచ్చింది. ఆ కంపెనీ ఇంకో కంపెనీకి, వాళ్ళు ఇంకెవరికో ఇచ్చారు. అలా చేతులు మారి మారి ఆ తలుపు వెంకటేశ్వర్లు అనే కాంట్రాక్టరు ఒళ్ళో వచ్చి పడింది. నేను క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ని, అంటే పని సరిగ్గా ఉందని నేను సంతకం పెడితేనే సరుకు కదులుతుంది. నాకు కోపం ఎక్కువని పేరు. ఆ పేరు ఊరికే రాలేదు.

అది వాటర్‌టైట్ డోర్. ఓడలో ఒక గదిలోకి నీళ్ళు వస్తే పక్క గదిలోకి పోకుండా ఆపే ఉక్కు తలుపు. తలుపు చుట్టూ రబ్బరు పట్టీ ఉంటుంది, ఫ్రేము అంచు దానికి ఒత్తుకోవాలి. అంతటా ఒత్తుకుంటోందో లేదో చూడటానికి చాక్ టెస్ట్ చేస్తాం. ఫ్రేము అంచుకు సుద్ద రుద్ది, తలుపు బిగించి, మళ్ళీ తెరుస్తాం. రబ్బరు మీద తెల్లగీత ఎక్కడా తెగకుండా పడాలి. తెగిన చోట నీళ్ళు దూరతాయి.

"టెస్టు మేమే చేసి పెట్టినం సారూ, మీకు శ్రమెందుకని" అన్నాడు వెంకటేశ్వర్లు నేను వెళ్ళగానే. తలుపు తెరిచి చూపించాడు. మూలల్లో కూడా ఒకే మందం, ఒకే వంపు. ఇన్నేళ్ళలో అంత అందమైన గీత నేను చూడలేదు, అదే నాకు నచ్చలేదు. నా ముందు మళ్ళీ చేయమన్నాను.

"చేద్దాం సారూ. ముందు బువ్వ తినుండ్రి, చల్లారిపోతది" అని పక్కనే ఉన్న తన ఇంట్లోకి లాక్కుపోయాడు.

తిని వచ్చేసరికి గీత నల్లగా ఉంది. కదులుతోంది కూడా.

"ఏమిటిది?"

"చీమలు సారూ."

"చీమలని నాకూ కనబడుతోంది. ఇనుప తలుపులో వాటికేం పని?"

"ఎండలు మండుతున్నయి గద సార్. రబ్బరు చల్లగుంటదని వచ్చినట్టున్నయి."

చీమలు లేని చోటు వెతికి, వేలితో అద్ది నాలుక మీద వేసుకున్నాను. బియ్యప్పిండి.

నేను నోరు తెరిచేలోపే వాళ్ళావిడ సుగుణమ్మ మజ్జిగ గ్లాసుతో వచ్చింది. "ముగ్గు మంచిగొచ్చిందా అన్నా? నేనే ఏసిన. కొత్త తలుపు, సముద్రానికి పోతది, గడపకేసినట్టు ఏసి పంపుదామన్నడు ఈయన. ఆ సందుల ఏసేసరికి నడుము పోయింది" అంది. వెంకటేశ్వర్లు షెడ్డు కప్పు కేసి చూస్తున్నాడు. నా కోపం మజ్జిగ తాగినా చల్లారలేదు.

చీమల్ని దులిపించి, రబ్బరు తుడిపించి, అసలు సుద్దతో నేనే టెస్టు చేశాను. కింది మూలలో బెత్తెడు మేర గీత లేనే లేదు. గోకితే రంగు కింద నుంచి లప్పం ఊడి వచ్చింది. వెల్డింగు వేడికి వంగిన ఫ్రేమును సరిచేయకుండా, ఇంటి గోడకు పెట్టినట్టు లప్పం పెట్టి పైన రంగు వేశాడు.

"యుద్ధనౌకకు లప్పమా?"

"ఓడన్నంక వంద తలుపులుంటయి సారూ. నీళ్ళు మన తలుపు కాడికే రావాల్నా?"

సుగుణమ్మ అక్కడే నిలబడి వింటోంది. "గీ తలుపు దేనికన్నా?" అని అడిగింది. చెప్పాను. ఆమె ముఖంలో నవ్వు పోయింది.

"మా తమ్ముడు నేవీల ఉన్నడు. మాది భద్రాచలం దిక్కు, గోదాట్ల ఈత కొట్టి కొట్టి పోయి నేవీల చేరిండు. ఆడుండే ఓడకు పెడ్తరా దీన్ని?"

"ఏ ఓడకు పెడతారో నాకు తెలియదమ్మా."

ఆమె మొగుడి వైపు తిరిగింది. "మా తమ్ముని మీదికి నీళ్ళు రావటానికి నాతోని ముగ్గేపిస్తివి" అంది. అరవలేదు. వెంకటేశ్వర్లు తల దించుకున్నాడు. గుక్క తిప్పుకోకుండా తిడదామని నేను సిద్ధం చేసుకున్నదంతా వృథా అయింది. ఆమెను చూస్తే బాధేసింది. రిజెక్ట్ అని రాసి వచ్చేశాను.

కొన్నాళ్ళకు ఫ్రేము కోసి మళ్ళీ చేశామని కబురు చేశారు. ఈసారి సుద్ద గీత వంకరటింకరగా, అయినా ఎక్కడా తెగకుండా పడింది. మిగిలింది హోస్ టెస్ట్. తలుపు వెనక చిన్న రేకు గది కట్టి, బయటి నుంచి పైపుతో నీళ్ళు జోరుగా కొట్టి, లోపలికి చుక్క రాలేదని చూడాలి. మోటారు వేయబోతుంటే సుగుణమ్మ ప్లాస్టిక్ స్టూలు తెచ్చి ఆ రేకు గదిలో వేసింది.

"నువ్వు లోపల కూసో" అంది మొగుడితో.

"నేనెందుకే? సారు సూస్తడు గద."

"సారు బయట సూస్తడు. నువ్వు లోపల సూడు."

ఇస్త్రీ మడతలు నలగకుండా వెళ్ళి కూర్చున్నాడు. తలుపు బిగించి నీళ్ళు కొట్టాం. కాసేపటికి "ఆపుండ్రి" అని సన్నగా వినిపించింది. తెరిస్తే ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసి ఉంది. కింది మూల వెల్డింగులో సూది దూరేంత బెజ్జం, సుద్దకు దొరకని రకం.

"మళ్ల చెయ్యి" అంది సుగుణమ్మ.

అతను వెల్డర్ని పక్కకు జరిపి, తానే కూర్చుని ఆ చోటంతా గ్రైండ్ చేసి మళ్ళీ అతికాడు. ఆరిన ప్యాంటు వేసుకొచ్చి, ఎవరూ చెప్పకుండానే లోపలికి వెళ్ళి కూర్చున్నాడు.

ఈసారి బయటికొచ్చినప్పుడు చొక్కా చెమటకు ముద్దయింది. ఆమె దాన్ని లెక్కచేయకుండా ప్యాంటు అంచు పట్టుకుని పిండి చూసింది, లోపలికి వంగి నేల తడిమింది. "పొడిగుంది. ఇప్పుడు పెట్టన్నా సంతకం" అంది. పెట్టాను. నా సర్వీసులో అంత నమ్మకంగా పెట్టిన సంతకం ఇంకోటి లేదు.

ఆ తర్వాత ఏ వర్క్‌షాపుకు వెళ్ళినా నేను ముందు డ్రాయింగు అడగడం మానేశాను. తలుపు వెనక కూర్చోవడానికి మీ ఇంట్లోంచి ఎవరొస్తున్నారని అడుగుతాను. చాలామంది టెస్టు వచ్చే వారం పెట్టుకుందామంటారు.