నమ్మ సంపిగె

సంపెంగ తడి అడవుల్లో పుట్టే చెట్టు, దాని కాళ్ళు ఎప్పుడూ తడిగా ఉండాలంట. మా బెంగుళూరు ఇంట్లో కొళాయికి రోజు మార్చి రోజు నీళ్ళు. డెబ్బైల్లో నాటిన ఆ చెట్టును నేనూ అమ్మా వీధి బోరింగు నుంచి బిందెలు మోసి సాకినాం. ఏండ్లకు పూసింది, అదీ మా చేతికందని ఎత్తులో, పక్కింటి మిద్దె మీదికి వంగి.

ఒక పొద్దున పక్కింటి కన్నడావిడ దోసెడు పూలు తెచ్చి అమ్మకిస్తూ, "నమ్మ సంపిగె" అనింది. తెలుగులో మా వేరు, మన వేరు. కన్నడంలో రెండింటికీ నమ్మ ఒకటే.

ఆమె పోయినాక అమ్మ నడుం పట్టుకుని గడప మీద కూలబడింది. "మా సంపెంగ అనిందా అప్పా, మన సంపెంగ అనిందా?" అని నన్నడిగింది.

"ఏదైతే ఏంది లేమ్మా. నీళ్ళు మోసేటప్పుడు మాత్రం మన అంటే నువ్వూ నేనే" అని బిందె ఎత్తుకున్నాను.