నూట ఒకటో నంబరు

మా వదిన ప్రోగ్రాములు రాస్తుంది. నేను అదే ఆఫీసులో టెస్టర్‌ని. ఒకళ్ల పనికి వంకలు పెట్టడమే నా ఉద్యోగం, పైగా ఆమెకి ఆడపడుచుని. ఇక చెప్పాలా? అయినా ఆమె పనిని వేలెత్తి చూపించడానికి నాకెప్పుడూ సందు దొరకలేదు.

ఆమె పద్ధతే వేరు. ప్రోగ్రాము కంటే ముందు దానికి టెస్టు రాస్తుంది, అంటే ఏమిస్తే ఏ జవాబు రావాలో. నడపగానే తప్పిందని తెర మీద ఎర్ర గీత వస్తుంది. రావాలి కూడా, ఇంకా ఏమీ రాయలేదు కదా! ఆ ఒక్క టెస్టు గట్టెక్కేంత మాత్రం రాస్తే గీత పచ్చబడుతుంది. మళ్లీ ఇంకో టెస్టు. కొత్త తాళంకప్ప కొన్నా అంతే, ముందు వేరే తాళంచెవి పెట్టి తెరుచుకోదని చూశాకే అసలుది పెడుతుంది. అన్నయ్య తల పట్టుకుంటాడు.

చేయి తిరగడానికి ఇంట్లో వంటింటి బల్ల మీద ఒక చిన్న ప్రాక్టీసు చేసేది. అంకె ఇస్తే ప్రోగ్రాము మాటల్లో చెప్పాలి. పదకొండు బాగానే చెప్పింది, వందా చెప్పింది. 101 దగ్గర గీత ఎర్రబడింది. 'వంద ఒకటి' అంటోంది.

"ఏ మనిషైనా వంద ఒకటి అంటాడా వదినా?" అని పగలబడి నవ్వాను.

"అనడు. అందుకే టెస్టు ముందు రాసేది" అంది.

ఆ ప్రాక్టీసే ఆమె కొంప ముంచింది. మా ఆఫీసు ఆసుపత్రుల్లో టోకెన్ నంబర్లు పిలిచే యంత్రాలు చేస్తుంది. వదినది తాత్కాలిక ఉద్యోగం. కొత్తగా చేస్తున్న యంత్రం బాగా నడిస్తే పర్మినెంట్ చేస్తానని యజమాని మాటిచ్చాడు. అన్నయ్య పనిచేసే షాపు మూతపడ్డాక ఇల్లు ఆమె మీదే నడుస్తోంది. టెస్టులు, ఆ నూట ఒకటితో సహా, ఆమె రాసిచ్చింది, ప్రోగ్రాము మా టీమ్ లీడరు రాశాడు. వాడికి మేం పెట్టుకున్న పేరు పచ్చకామెర్లు. అన్నీ పచ్చగా కనిపించాల్సిందే, ఎరుపు చూస్తే ఒళ్లు మంట.

వాడి ప్రోగ్రాము కూడా నూట ఒకటి దగ్గరే తప్పింది. దిద్దుకోవాలా వద్దా? ఆ మహానుభావుడు వదిన భోజనానికి లేచినప్పుడు ఆమె కుర్చీలోనే కూర్చుని, ఆమె కంప్యూటర్లోనే, టెస్టులో జవాబే మార్చేశాడు. ఆ సంగతి మాకు తర్వాత గానీ తెలియలేదు. 'వంద ఒకటి' అంటేనే రైటట! గీత పచ్చబడింది. థూ! పిల్లలు లెక్క తప్పితే జవాబుల పేజీ దిద్దే మాస్టారు ఎక్కడైనా ఉంటాడా?

యంత్రం ఆసుపత్రికి వెళ్లింది. ఎలా పనిచేస్తోందో చూడమని నన్ను పంపారు. నేను వెళ్లేసరికే జరగాల్సింది జరిగిపోయింది. నర్సు చెప్పింది. యంత్రం "వంద" అని, కాస్త ఆగి, "ఒకటి" అందట. అప్పుడే బయటికొచ్చిన వందో నంబరాయన మళ్లీ లోపలికి దూరాడట. రిపోర్టు కోసం కూర్చున్న ఒకటో నంబరావిడా లేచిందట. గుమ్మంలో ఇద్దరికీ పెద్ద గొడవ. అసలు నూట ఒకటో నంబరు ముసలాయన మాత్రం చీటీ గుప్పిట్లో పట్టుకుని ఇంకా బెంచీ మీదే ఉన్నాడు. డాక్టరు వెళ్లిపోయాడు.

"నా నంబరు పిలవనే లేదమ్మా" అన్నాడు నాతో.

యజమాని గదిలో పచ్చకామెర్లు ముందే గొంతు సవరించుకున్నాడు. "టెస్టు ఈవిడదేనండీ, మార్పు కూడా ఈవిడ పేరు మీదే ఉంది." సిగ్గూ శరమూ ఉంటే కదా!

వదిన అక్కడి కంప్యూటర్లోనే టెస్టు తెరిచి, 'నూట ఒకటి' మళ్లీ పెట్టి నడిపింది. ఎరుపు.

"ప్రోగ్రాములో చిన్న మార్పు చాలండీ. యంత్రాన్ని ఒకసారి వెనక్కి తెప్పించాలి" అంది.

"తెప్పిస్తే మన పరువేం కావాలమ్మా? జనం అలవాటు పడతార్లే. దాన్ని మళ్లీ పచ్చ చేసెయ్. రేపట్నుంచి నువ్వు పర్మినెంట్" అన్నాడు యజమాని.

ఎంత చల్లగా అన్నాడో ఆ మాట!

"ఆ ముసలాయన అలవాటు పడలేదండీ" అని, వదిన తన టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్లిపోయింది. గీత ఎర్రగానే వదిలేసింది.

మర్నాడు పచ్చకామెర్లు నా బల్ల దగ్గరికొచ్చాడు. టెస్టు ఎవరు మారిస్తే కంప్యూటర్లో వాళ్ల పేరు పడుతుంది కాబట్టి తను ముట్టుకోడు.

"ఆ ఎర్రది పచ్చ చేయడం నీకొచ్చుగా? సార్ చెప్పమన్నారు."

వదిన కుర్చీ ఖాళీగా ఉంది. 'నూట' తీసి 'వంద' పెడితే అయిపోతుంది.

"నాకు రాదండీ" అన్నాను.