తిన్నోళ్లకే తొవ్వ

మొన్న జనగామలో పెళ్లికని పెద్దవంగర నుంచి కారులో బయలుదేరితే, పాలకుర్తి ఎప్పుడొచ్చిందో ఎప్పుడు వెనకబడిందో తెలియనే లేదు. ఎవరూ ఆపలేదు, కనీసం ఒక బర్రె కూడా అడ్డం రాలేదు. నాకెందుకో కాళ్లలో చీమలు పాకినట్టయింది. నా ఈడువాళ్లకు జ్ఞాపకం ఉండే ఉంటుంది, ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజుల్లో నాలుగు బంద్‌లూ రెండు రాస్తారోకోలూ దాటితే గానీ పక్క ఊరి చుట్టం మొహం కనపడేది కాదు.

ఆ ఉద్యమం రోజులకు ముందు రెండేళ్లు నాకూ అన్నానికీ మాటల్లేవు. పదిమంది కళ్లూ నా కంచంలోనే ఉన్నాయన్న భయంతో మొదలై, చివరికి కంచం చప్పుడైతే చాలు పెరట్లోకి పారిపోయేదాన్ని. అమ్మ దిష్టి తీసీ తీసీ మండలంలో ఎండుమిరపకాయల ధర పెంచిందని చెప్పుకునేవారు. ఆఖరికి వరంగల్ దవాఖానలో ఒక డాక్టరమ్మ, ఇది గాలీ కాదు మొండితనమూ కాదు, జబ్బు, అందులోనూ తగ్గే జబ్బు అని చెప్పి, విసుక్కోకుండా నన్ను మళ్లీ అన్నం దగ్గరికి నడిపించింది. అది తగ్గాక నాకు కొత్త జబ్బు పట్టుకుంది: నేనూ డాక్టరునవ్వాలి.

బాపుకేమో ఆ చదువుకు ఉండాల్సిన హాస్టల్ అంటే గుండెదడ. ఇంట్లో అమ్మ ఎదురుగా తింటోంది సరే, పరాయివాళ్ల నడుమ కథ మళ్లీ మొదటికొస్తే? "బయట బుక్క తిననిదానివి, హాస్టల్ల ఏం తింటవు బిడ్డా?" అంటూ డాక్టరు చదువు ప్రవేశపరీక్ష దరఖాస్తు సంగతి నానబెట్టి నానబెట్టి ఆఖరి రోజు దాకా తెచ్చాడు. ఆ సాయంత్రంలోగా జనగామ నెట్ సెంటరుకు చేరకపోతే ఇంకో ఏడాది పోయినట్టే. బస్సులు బంద్. దిక్కు బాపు స్కూటరే. దాని మోతకు స్టేషన్ ఘన్‌పూర్‌లో జనం రైలొచ్చిందని సామాన్లు నెత్తికెత్తుకునేవారు.

పాలకుర్తి దగ్గర వంటావార్పు. ఉద్యమంవాళ్లు రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, బావంత గుండిగల్లో పప్పుచారు కాచి, వచ్చినవాళ్లనల్లా కూర్చోబెట్టి తినిపిస్తున్నారు. వాళ్ల కట్టుబాటు ఒకటే, తిన్నోళ్లకే తొవ్వ, తిననోళ్లు వెనక్కే. గంటె పట్టుకున్న ఒక అవ్వ స్కూటరు ముందు నిలబడింది.

జన్మలో అబద్ధమాడి ఎరుగని బాపు, "పిల్లకు ఒక్కపొద్దు అవ్వా" అన్నాడు.

"బుధారం నాడు ఏ దేవునికి ఒక్కపొద్దు కొడుకా? గా దేవుని పేరు జెప్పు, మేం గూడ ఉంటం!"

చుట్టూ నవ్వులు. ముప్పై మూడు కోట్ల దేవతల్లో ఒక్కరూ బాపుకు పేరు అందించలేదు. ఆయన మెల్లగా హ్యాండిలు ఇంటివైపు తిప్పుతున్నాడు. ఇప్పుడు వెనక్కి తిరిగితే ఆ చక్రం మళ్లీ జనగామ వైపు తిరగదని నాకు తెలుసు. దిగి తారురోడ్డు మీద కూర్చున్నాను.

ఇస్తారిలో అన్నం పడింది. పప్పుచారు కలిపి ముద్ద చేశాను. ఎంతమంది చూస్తున్నారోనని తలెత్తాను. ఒకాయన కారం ఎక్కువైందని పోట్లాడుతున్నాడు, ఇంకొకాయన నోటినిండా అన్నంతోనే నినాదమిస్తున్నాడు. ఊరంతా నడిరోడ్డు మీద తింటుంటే నా ముద్ద ఎవరికి కావాలి, ఒక్క బాపుకు తప్ప? మొదటి ముద్ద గొంతు దిగడానికి ఒక యుగం పట్టింది. రెండోదానికి అంత పట్టలేదు.

"మారు పెట్టాల్నా బిడ్డా?" అంది అవ్వ.

"జర" అన్నాను.

బాపు కళ్లు తుడుచుకుంటూ, పచ్చికట్టెలు పెట్టి పొగ చేశారని అందరినీ తిట్టడం మొదలుపెట్టాడు. ఆ పొయ్యిలు అప్పటికే ఆరిపోయి ఉన్నాయి. ఆ తర్వాత మా స్కూటరు తన జీవితంలో మొదటిసారి ఒక ఎడ్లబండిని దాటింది. నెట్ సెంటరు షట్టరు సగం దించేసి ఉంటే, మిగతా సగానికి బాపు తల అడ్డం పెట్టాడు.

రాష్ట్రం వచ్చింది. ఒక్క వరంగల్ జిల్లా ఎన్నో జిల్లాలైంది. నేను భూపాలపల్లి దవాఖానలో డాక్టరమ్మనయ్యాను. అన్నానికి భయపడే పిల్లలు నా దగ్గరికీ వస్తారు. మందులిస్తాను, గంటలకొద్దీ మాట్లాడతాను, కానీ ఆనాటి ఆ రోడ్డును మాత్రం చీటీ మీద రాసివ్వలేను. మొన్న పెళ్లిలో ఎవరి ప్లేటు వారు పట్టుకుని, ఎవరి ఫోను వారు చూసుకుంటూ తింటున్నారు. నేను ప్లేటు పట్టుకుని చాలాసేపు నిలబడే ఉన్నాను, గంటెతో ఎవరైనా వచ్చి నాకు అడ్డం నిలబడతారేమోనని.